వ్యాన్‌లో రాసిన పరీక్ష

నాన్నకు,

నీ మొండిఘటం రాసేది. ఇక్కడ నేను క్షేమం, నా మోకాలు క్షేమం, నువ్వు కుట్టి పంపిన ఏడు జెర్సీలూ క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, నీ కుట్టుమిషనూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు మిషన్ ఆపవు, అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుంటుంది, నేను చెప్పేది సగంలో పోతుంది. ఈసారి చెప్పాల్సింది సగంలో పోకూడదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. జెర్సీ చంకలో బిగుతుగా లేదు. చెయ్యెత్తితే పైకి లాగడం లేదు. ఒక్క మా కెప్టెన్‌కే చేతులు పొట్టిగా వచ్చాయి. మేమందరం ఆమెను 'పొడుగుది' అని పిలుస్తాం, నేనూ నీకు అలాగే రాస్తాను. కొలత ఇచ్చేటప్పుడు అది గూని పెట్టుకుని నిలబడింది కాబట్టి తప్పు దానిదేనని నేను రాస్తే, నువ్వేం రాశావో గుర్తుందా? "ఆ పిల్ల ఎలా నిలబడితే ఏం, కత్తిరించింది నేను. తప్పు నాదేనని చెప్పు" అన్నావు. ఆ వాక్యం చదివి దాన్ని పొడుగుదానికి కూడా చూపించాను. అది నవ్వి, "మీ నాన్న భలే మనిషే" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

నా జెర్సీ ఎడమ చేతి మీద గోధుమరంగు మచ్చ పడింది. ఉతికినా పోలేదు. అది ల్యాబ్‌లో పడింది. జెర్సీ వేసుకుని ల్యాబ్‌కి ఎందుకెళ్లావని తిట్టకు. ల్యాబ్ నాలుగింటికి అయిపోతుంది, ప్రాక్టీసు నాలుగింటికి మొదలవుతుంది. మధ్యలో బట్టలు మార్చుకోవడానికి భగవంతుడు నిమిషం కూడా పెట్టలేదు. అందుకని తెల్ల కోటు కింద జెర్సీ వేసుకుని వెళ్తాను. పరీక్షనాళికలు కడిగిన చేతుల్తోనే బంతి పట్టుకుంటాను. నా బతుకంతా ఇప్పుడు ఇలా ఒకదాని కింద ఒకటి వేసుకోవడమే.

చదువెలా ఉంది, మార్కుల మాట ఎత్తడం లేదేమని అడిగావు. ఎత్తుతాను, కాస్త ఆగు.

అసలు నీకు ఈ కాలేజీ సంగతి సరిగ్గా చెప్పలేదు నాన్నా. పేపర్లో ఫొటోలు చూసి, కాలేజీ వాలీబాల్ జట్టంటే బస్సులూ, డాక్టర్లూ, పళ్లరసాలూ ఉంటాయని నువ్వనుకుంటున్నావు. అవి పెద్ద కాలేజీల్లో. అక్కడ ఆడే పిల్లలకి విడిగా పాఠాలు చెప్పేవాళ్లుంటారట, పరీక్ష తేదీలు కూడా జరుపుతారట. మా జట్టులో ఉన్నది ఏడుగురం. ఆరుగురు ఆడతారు, ఏడో మనిషి నీళ్లసీసాలు మోస్తుంది, జ్వరం వచ్చినదాని బదులు ఆడుతుంది. జెర్సీలు వంతులవారీగా ఉతుక్కుంటాం. మాకు ఆట నేర్పే మాస్టారు అసలు లైబ్రేరియన్. ఇరవై ఏళ్లుగా లైబ్రరీలో కూర్చుని ఆయన గొంతు అరవడం మర్చిపోయింది. కోర్టు పక్కన నిలబడి "వెనక్కి జరగమ్మా, బంతి నీ మీదికే వస్తోంది" అని చెవిలో చెప్పినట్టు చెప్తారు. ఆ మాట మాకు వినబడేసరికి బంతి వచ్చి వెళ్లిపోతుంది. మేం బయట ఊళ్లో ఆడిన రోజు లైబ్రరీకి తాళం పడుతుంది కాబట్టి మిగతా పిల్లలకి మేమంటే ఒళ్లుమంట. గెలిచి వచ్చినా, "మీ వల్ల నా పుస్తకం రెన్యూ కాలేదు" అనేవాళ్లే తప్ప శభాష్ అన్నవాళ్లు లేరు.

బయట ఊళ్లో ఆట ఉంటే పసుపు కాగితం అని ఒకటుంది. మా ఏడుగురం తలా ఒక పసుపు కాగితం పట్టుకుని, కాలికి బలపం కట్టుకుని, ప్రతి లెక్చరర్ గదికీ తిరిగి సంతకం పెట్టించుకోవాలి. సంతకం ఊరికే రాదు. ఒక్కొక్కరూ ఒక్కో ఉపన్యాసం ఇస్తారు. మా కెమిస్ట్రీ మేడమ్ అయితే కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, "రెండు పడవల మీద కాళ్లు పెట్టావమ్మా నువ్వు" అంటుంది. పోయినసారి నేను నోరు జారాను. "పడవ దాకా వెళ్లే తీరికెక్కడుంది మేడమ్, ఇంకా ఒడ్డునే పరిగెడుతున్నాను" అన్నాను. ఆ మాటకి ఆమె సంతకం పెట్టింది గానీ, కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

విసుగొస్తోంది నాన్నా. నిజంగా విసుగొస్తోంది. క్లాసులో కూర్చుంటే "నిద్రపోతున్నావా, ఆటగత్తెవి కదా" అంటారు. కోర్టులో అడుగు తప్పితే "పుస్తకాల పురుగు వచ్చింది" అంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండిట్లో ఒకటి మానేయమని అమ్మ సులువుగా అనేస్తుంది. రెండూ ఇష్టమైనవాళ్లు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నువ్వడిగిన పెద్ద ప్రశ్నకి వస్తాను. పోయిన ఉత్తరంలో నేను రెండు ముక్కలు రాశాను: "వ్యాన్ ఆలస్యమైంది, ఆ ఆట పోయింది." దానికి నువ్వు పేజీన్నర తిట్లు రాశావు. "ఆ వ్యాన్ తోలిన దద్దమ్మ ఎవడు? వాడికి గడియారం చూడటం రాదా? ఏడుగురు ఆడపిల్లలు ఏడాదంతా పడ్డ కష్టాన్ని రోడ్డు పక్కన పారబోశాడు" అన్నావు. ఫైనల్ ఎప్పుడో చెబితే షాపు మూసి వస్తానన్నావు. "కూతురి ఆట ఉంది, ఈరోజు కొలతలు తీసుకోబడవు" అని బోర్డు కూడా రాయించి పెట్టావని అమ్మ కింద రెండు లైన్లు చేర్చింది.

ఆ బోర్డు తీసెయ్ నాన్నా. ఫైనల్ లేదు. మా పోటీల్లో పై మెట్టెక్కాలంటే ఆ ఒక్క ఆటా గెలవాలి. మేం ఆడనే లేదు. పోయింది ఒక ఆట కాదు, ఏడాది.

ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఆ గురువారం పదకొండున్నరకి ఆట, మూడు గంటల దూరంలో. అదే గురువారం తొమ్మిదింటికి నాకు కెమిస్ట్రీ పరీక్ష. ఇంకో రోజు పెట్టమని బతిమాలాను. మేడమ్ ఒప్పుకోలేదు. రాయకపోతే సున్నా, సున్నా వస్తే ఆ సబ్జెక్టు మళ్లీ ఏడాది చదవాలి. చివరికి మాస్టారు వెళ్లి మాట్లాడితే ఒక దారి దొరికింది. పేపరు సీలు కవర్లో పెట్టి మాస్టారి చేతికిస్తారు. కాలేజీలో మిగతావాళ్లు కవరు తెరిచే తొమ్మిదింటికే నేనూ తెరవాలి, నిమిషం అటూ ఇటూ కాకూడదు. పదకొండు దాకా రాయొచ్చు. మాస్టారు కాపలా కూర్చుని, అయ్యాక "ఈ విద్యార్థినిని కళ్లు తిప్పకుండా చూశాను" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి.

ఆరింటికి బయల్దేరితే తొమ్మిదికల్లా అక్కడుంటాం, వాళ్ల స్టాఫ్‌రూమ్‌లో రాసేస్తావు అన్నారు. అన్నీ అనుకున్నట్టే జరిగితే మా కాలేజీ ఎలా అవుతుంది? దారిలో టైరు పంక్చరైంది. స్పేర్ టైరులోనూ గాలి లేదు. అది మార్పించుకుని బయల్దేరేసరికి గంట పోయింది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా మేమింకా గంట దూరంలో ఉన్నాం.

వ్యాన్ తోలుతున్నది మాస్టారే నాన్నా. డ్రైవర్ అని నువ్వు తిట్టింది ఆయన్నే. మాకు డ్రైవర్ లేడు. మాలో ఎవరికీ వ్యాన్ లైసెన్సు లేదు.

పొడుగుది ముందు సీట్లోంచి, "మాస్టారూ, మీరు తోలుతూనే ఉండండి. అద్దంలో చూడండి, చాలు" అంది. మిగతావాళ్లూ అదే అన్నారు. ఆయన ఒక పెద్ద గోడౌన్ గోడ పక్కకి తీసి వ్యాన్ ఆపారు. "రోడ్డు చూస్తే అమ్మాయిని చూడను. అమ్మాయిని చూస్తే రోడ్డు చూడను. కళ్లు తిప్పకుండా చూశానని అబద్ధం సంతకం పెట్టలేను" అన్నారు, మామూలు గుసగుస గొంతుతోనే. అవతలివాళ్లకి ఫోన్ చేశారు. పదకొండున్నర తర్వాత పావుగంట చూస్తాం, ఆపైన ఒక్క నిమిషం కూడా ఆగం, రూల్సంతే అన్నారట. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, డ్రైవరు సీట్లోనే వెనక్కి తిరిగి కూర్చుని, సరిగ్గా తొమ్మిదింటికి కవరు నా చేతికిచ్చారు.

లెక్క అందరికీ తెలుసు. పదకొండు దాకా రాస్తే పన్నెండుకి చేరతాం, ఆట పోతుంది. పదిన్నరకి ముగిస్తే సరిగ్గా అందుకుంటాం. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

ఆ పిల్లల సంగతి నీకు తెలీదు. వ్యాన్ ఎక్కితే చాలు పాటలు, కేకలు, కొట్లాటలు. అలాంటివాళ్లు ఆరుగురూ ఆ రోజు నోళ్లు కుట్టేసుకున్నట్టు కూర్చున్నారు. ఒకతికి దగ్గొస్తే జెర్సీ నోట్లో కుక్కుకుంది. కిందికి దిగి నడిచొద్దామంటే తలుపు చప్పుడవుతుందని అదీ చేయలేదు. నేను మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాశాను.

పోయిన ఉత్తరంలో ఇవేవీ నీకు రాయలేదు. ఇక్కడ అందరికీ తెలిసింది మాత్రం ఇంతవరకే: పేపరు పెద్దది, నేను పదకొండు దాకా రాశాను, మేం పన్నెండుకి చేరాం, అప్పటికే నెట్ విప్పేశారు. ఖాళీ కోర్టులో రెండు స్తంభాలు నిలబడి ఉన్నాయి. మా వాళ్లలో చిన్నది వ్యాన్ మెట్టు మీదే కూర్చుని ఏడ్చింది. పొడుగుది నా భుజం మీద చెయ్యేసి, "పేపరు అంత పొడుగ్గా ఇస్తే దీని తప్పేముంది" అని అందరికీ వినబడేలా అంది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆడకుండా తిరిగొచ్చామని ఇప్పుడు కాలేజీలో కమిటీ వేశారు. సోమవారం కూర్చుంటారు. వచ్చే ఏడాది అమ్మాయిల జట్టు ఉండాలా వద్దా, మాస్టారికి జట్టు అప్పగించి ఉంచాలా వద్దా అన్నది తేలుస్తారు. కమిటీలో కెమిస్ట్రీ మేడమ్ కూడా ఉంది. మాస్టారు తన రిపోర్టులో ఒక్క లైను రాశారు. అది పొడుగుది ఆయన బల్ల మీద చూసొచ్చి మాకు చెప్పింది: "వ్యాన్ ఆపింది పూర్తిగా నా నిర్ణయం, విద్యార్థినికి ఏ సంబంధమూ లేదు."

నాన్నా, ఇక దాచలేను. పేపరు పొడుగ్గా లేదు. నేను పదీ ఇరవైకల్లా అన్నీ రాసేశాను.

పదిన్నరకి పొడుగుది వెనక్కి తిరిగి తన వాచీ మీద వేలు పెట్టి చూపించింది. అయిందా అన్నట్టు కళ్లెగరేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా ఉందన్నట్టు ఇంకో కాగితం తిప్పాను. అది తల ఊపి ముందుకి తిరిగిపోయింది, ఇంకోసారి అడగలేదు. ఆ తిప్పిన కాగితం తెల్లకాగితం.

ఎందుకలా చేశావని అడుగుతావు. రెండు వారాలుగా నన్ను నేను అదే అడుగుతున్నాను. మార్కుల ఆశ కాదు. ఆటంటే భయం అసలే కాదు. ఆ నిశ్శబ్దం నాన్నా. ఈ ఏడాది మొత్తంలో నా కోసం ఎవరైనా నిశ్శబ్దంగా ఉన్నది ఆ వ్యాన్‌లోనే. నా వెనకాల విజిల్ లేదు, బెల్లు లేదు, "త్వరగా, త్వరగా" లేదు. నేను రాసిన జవాబులు నేనే తీరిగ్గా చదువుకుంటున్నాను. ప్రతిసారీ అన్నీ సగంలో వదిలేసి పరిగెత్తేదాన్ని, ఒక్కసారి ఒక పనిని చివరి దాకా కూర్చుని ముగించాలనిపించింది. రెండు గంటలు నావే అన్నారు కదా, రెండు గంటలూ కావాలనిపించింది. అంతే. ఆరుగురు పిల్లల ఏడాదిని నేను ఆ నలభై నిమిషాల కింద పరిచి దాని మీద కూర్చున్నాను. కూర్చుని ఏం వెలగబెట్టానో కూడా విను. సరిగ్గా రాసిన ఒక జవాబు కొట్టేసి తప్పుది రాశాను. నిన్న పేపర్లిచ్చారు. యాభైకి నలభై మూడు. మార్కుల మాట ఎత్తమన్నావుగా, ఇదిగో ఎత్తాను.

నువ్వు పొట్టి చేతుల గురించి రాసిన వాక్యం చూసినప్పుడు నాకు నవ్వు ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైందా? రెండంగుళాల గుడ్డకి తప్పు నీదేనని నువ్వు అంత చప్పున ఒప్పుకున్నావు.

ఈ మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాను. మాస్టారు పుస్తకాలకి ముద్రలు వేస్తున్నారు. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా. పదీ ఇరవైకే అయిపోయిందని, అబద్ధం ఆడానని. ఆయన ముద్ర ఆపలేదు.

"తెలుసమ్మా" అన్నారు.

"ఏం తెలుసు?"

"పదీ ఇరవై నుంచి నీ పెన్ను కదల్లేదు. మధ్యలో ఒక్కసారి ఏదో కొట్టేశావు. అంతే."

ఆయనే మళ్లీ అన్నారు, "కళ్లు తిప్పకుండా చూశానని సంతకం పెట్టాను కదా. చూడకుండా ఎలా పెడతాను?"

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది నాన్నా. లైబ్రరీ అని కూడా చూడకుండా అరిచాను. "తెలిసి ఎందుకు ఊరుకున్నారు? అయిపోతే ఇచ్చేయ్ అని ఒక్క మాట అనొచ్చు కదా!"

చుట్టూ చదువుకుంటున్నవాళ్లంతా తలెత్తారు. ఆయన మాత్రం ఇంకా గొంతు తగ్గించారు. "నిన్ను తొందరపెట్టే హక్కు కోచ్‌కి ఉంది. పరీక్షకి కాపలా కూర్చున్నవాడికి లేదు. ఆ రెండు గంటలూ నేను కోచ్‌ని కాదు. కాకుండా ఉండటం ఎంత కష్టమయ్యిందో నీకు చెప్పను."

అప్పుడు ఏడుపొచ్చింది. నేనొక్కదాన్నే రెండుగా చీలి చస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆ రోజు వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి కూడా అలాగే చీలి కూర్చున్నాడని నాకు తట్టనే లేదు.

"సోమవారం కమిటీలో నేను చెప్పేస్తాను మాస్టారూ" అన్నాను.

"చెప్పు. కానీ కమిటీవాళ్లు ఆ వ్యాన్‌లో లేరు. ఉన్నవాళ్లు ఆరుగురు" అని, ఇంకో పుస్తకం తీసుకుని ముద్ర వేశారు.

అందుకే ఈ ఉత్తరం లైబ్రరీ కిటికీ పక్క బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగింటికి ప్రాక్టీసు. పోటీలు లేకపోయినా మేం మానలేదు. దారిలో ఉత్తరం డబ్బాలో వేసి, అప్పుడు కోర్టుకి వెళ్లి ఆ ఆరుగురికీ చెప్తాను. ముందు నీకెందుకు చెప్తున్నానంటే, డబ్బాలో పడ్డ ఉత్తరం వెనక్కి రాదు. నీకు తెలిసిపోయాక నేను వెనక్కి తగ్గలేను. పొడుగుదాని మొహం చూడగానే మాట మార్చేయాలనిపిస్తుందని నాకు తెలుసు. కమిటీలో మేడమ్ మొహం చూడటం దాని ముందు ఎంత.

వాళ్లు నన్ను పొమ్మనొచ్చు. అంటే తప్పు లేదు. ఆటకి ఆరుగురు చాలు, అదీ లెక్కేసుకున్నాను. పొమ్మంటే నా ఏడో నంబరు జెర్సీ పార్సిల్‌లో నీ దగ్గరికి వస్తుంది. నంబరు కుట్లు మాత్రం విప్పకు. ఉండమంటే, పొడుగుదాని చేతులకి అతకడానికి అదే రంగు గుడ్డ రెండంగుళాలు పంపు. ఈసారి కొలత నేనే తీస్తాను, నిటారుగా నిలబెట్టి.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నడుం నొప్పి వచ్చేదాకా మిషన్ మీద వంగి కూర్చోకు. మందులు వేసుకో.

ఇంకొక్కటి. ఆ వ్యాన్ తోలినాయన్ని పేజీన్నర తిట్టావు కదా. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు నాన్నా. పైన నా పేరు రాసుకుని రోజూ చదువుకుంటున్నాను.

ఇట్లు,
కత్తెర నీ దగ్గరే పట్టడం నేర్చుకుని, గుడ్డ పాడుచేసిన
నీ ఏడో నంబరు కూతురు